మినియాపొలిస్ బర్చ్‌బార్క్ బుక్స్: మూలవాసుల రచనలకు ఒక్క అర చాలదు

అమెరికాలో పెద్ద పుస్తకాల దుకాణాలకు వెళ్లి మూలవాసుల పుస్తకాలు కావాలని అడిగితే, సాధారణంగా చరిత్ర విభాగం చివరనున్న ఒక అర చూపిస్తారు. ఆ అరలో పందొమ్మిదో శతాబ్దపు యుద్ధాల చరిత్రలు, తలపై ఈకలు ధరించిన నాయకుల ఛాయాచిత్రాల సంపుటాలు, గాథల సంకలనాలు పక్కపక్కన కనిపిస్తాయి. వాటిలో చాలావరకు మూలవాసులు కానివారు రాసినవే. ఆ అర ముందు నిలబడిన కొత్త పాఠకుడికి వీళ్లు ఎప్పుడో గతించిన మనుషులని, వీళ్ల గురించి చదవడమంటే చరిత్రో మానవశాస్త్రమో చదవడమని అనిపిస్తే తప్పు అతనిది కాదు. మిన్నెసోటా రాష్ట్రం మినియాపొలిస్ నగరంలో బర్చ్‌బార్క్ బుక్స్ అనే చిన్న దుకాణంలో ఒక గంట గడిపితే ఈ అభిప్రాయం నిలవదు.

ఈ దుకాణాన్ని 2001లో ప్రారంభించినది నవలా రచయిత్రి లూయీజ్ ఎర్డ్రిక్. ఆమె ఒజిబ్వే ప్రజల్లో టర్టిల్ మౌంటెన్ తెగకు చెందినవారు. 1984లో వచ్చిన ‘లవ్ మెడిసిన్’తో పేరు తెచ్చుకున్నారు, ‘ది రౌండ్ హౌస్’కు 2012లో నేషనల్ బుక్ అవార్డు, ‘ది నైట్ వాచ్‌మన్’కు 2021లో పులిట్జర్ బహుమతి అందుకున్నారు. ఇంత పేరున్న రచయిత్రి దుకాణమంటే నగరం నడిబొడ్డున పెద్ద అద్దాల భవంతిని ఊహించుకునే ప్రమాదం ఉంది. నిజానికి ఇది లేక్ ఆఫ్ ది ఐల్స్ అనే చెరువుకు దగ్గరలో, ఇరవై ఒకటో వీధిలో, ఇళ్ల మధ్య ఉన్న చిన్న కొట్టు. మేపుల్ గ్రోవ్‌లోని హిందూ దేవాలయానికి తరచూ వెళ్లే తెలుగు కుటుంబాలకు అక్కడి నుంచి కారులో సుమారు అరగంట దూరం. ట్విన్ సిటీస్‌లో, అంటే మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో, ఏళ్ల తరబడి ఉంటున్న మనవాళ్లలో దీని పేరు విన్నవారు తక్కువ కావడం నాకు విచిత్రంగా తోస్తుంది.

లోపల అడుగుపెట్టగానే పైకప్పు నుంచి వేలాడే బర్చ్ బెరడు పడవ, బర్చ్ దుంగలతో కట్టిన చిన్న అటక, కేథలిక్ చర్చిలో పాపసంకీర్తనకు వాడే పాతకాలపు చెక్క గది కనిపిస్తాయి. మిగిలినవి అలంకారాలు అనుకోవచ్చు గాని, ఈ గదిని మాత్రం అలా తీసిపారేయలేము. మూలవాసుల పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి, సొంత భాష మాట్లాడితే శిక్షించిన వసతి పాఠశాలల్లో చాలావాటిని నడిపినవి చర్చి సంస్థలే. ఎర్డ్రిక్ స్వయంగా కేథలిక్ వాతావరణంలో పెరిగారు. ఆమె తల్లిదండ్రులు ప్రభుత్వ వసతి పాఠశాలలో ఉపాధ్యాయులు. కాబట్టి పుస్తకాల మధ్య ఆ గదిని నిలబెట్టినప్పుడు ఇక్కడ ఎవరు ఎవరికి పాపం చెప్పుకోవాలన్న ప్రశ్న దానంతట అదే లేస్తుంది. దుకాణం దానికి జవాబు చెప్పదు, చెప్పనక్కరలేదు కూడా.

ఇక అసలు విషయం పుస్తకాల ఎంపిక. మూలవాసుల రచనలు ఇక్కడ ఒక మూల కాదు, దుకాణానికి నడిమి స్తంభం. నవలలు, కవిత్వం, చరిత్ర, పిల్లల పుస్తకాలు, యువ పాఠకుల నవలలు, ఒజిబ్వే, డకోటా భాషలు నేర్చుకునేవారి పుస్తకాలు, వంట పుస్తకాలు, మొక్కల గురించిన పుస్తకాలు, అన్నీ వేరువేరుగా కనిపిస్తాయి. చాలా పుస్తకాల దగ్గర చేత్తో రాసి అంటించిన సిఫారసు చీటీలు ఉంటాయి. ప్రకాశకులు పంపే ప్రచార వాక్యాలకూ ఈ చీటీలకూ ఉన్న తేడా రెండు మూడు చదివితే తెలిసిపోతుంది: చదివినవారు రాసినవి కాబట్టి అవి పుస్తకాన్ని పొగడడంతో సరిపెట్టుకోకుండా అది ఎవరికి నచ్చుతుందో చెబుతాయి. నా అభిప్రాయంలో ఈ దుకాణం అందించే అసలు సేవ ఇదే. కొత్తగా వచ్చేవారికి నేనిచ్చే సలహా కూడా దీన్నిబట్టే ఉంటుంది. మూలవాసుల గురించి తెలుసుకోవాలన్న కర్తవ్య భావంతో లావుపాటి చరిత్ర గ్రంథం పట్టుకుని మొదలుపెట్టకండి. మీరు మామూలుగా ఏ రకం పుస్తకాలు చదువుతారో ఆ రకంలోనే మొదలుపెట్టండి.

ఉదాహరణకు అపరాధ పరిశోధన నవలలు ఇష్టమైతే మార్సీ రెండన్ ఉన్నారు. వైట్ ఎర్త్ ఒజిబ్వే తెగకు చెందిన ఈ రచయిత్రి ‘మర్డర్ ఆన్ ది రెడ్ రివర్’తో 2017లో ఒక వరస ప్రారంభించారు. కథానాయిక క్యాష్ బ్లాక్‌బేర్ వయసు పందొమ్మిది. రైతుల పొలాల్లో ధాన్యం లారీలు నడుపుతుంది, రాత్రిళ్లు బార్లలో పూల్ ఆడి డబ్బు గెలుస్తుంది, తనను చిన్నప్పటి నుంచి ఎరిగిన షెరీఫుకు హత్య కేసుల్లో సాయపడుతుంది. కాలం 1970ల ఆరంభం, వియత్నాం యుద్ధపు రోజులు. చోటు ఫార్గో, మూర్‌హెడ్ పట్టణాల చుట్టూ చక్కెర దుంపలు, గోధుమలు పండే చదును నేల. కథ వేగంగా నడుస్తూనే, కన్నవారి నుంచి తీసుకుపోయి పెంపుడు ఇళ్ల మధ్య తిప్పిన పిల్ల ఎలాంటి మనిషిగా తయారవుతుందో చెబుతుంది. అలా పిల్లలను తరలించడాన్ని అరికట్టేందుకు అమెరికా కాంగ్రెసు 1978లో ప్రత్యేక చట్టం చేసింది. ఆ చట్టాన్ని సుప్రీంకోర్టు 2023లో సమర్థించింది. ఈ సంగతులేవీ తెలియకపోయినా నవల ఆపకుండా చదివిస్తుంది, తెలిస్తే మాత్రం రెండోసారి చదవాలనిపిస్తుంది.

ఇంట్లో పదిహేనేళ్లు దాటిన పిల్లలుంటే ఏంజెలీన్ బూలీ రాసిన ‘ఫైర్‌కీపర్స్ డాటర్’ చూడవచ్చు. మాదకద్రవ్యాల ముఠా, పోలీసులకు రహస్యంగా సాయం చేసే అమ్మాయి, ఐస్ హాకీ, రసాయనశాస్త్రం, ఒజిబ్వే మొక్కల వైద్యం ఒకే కథలో అతికినట్లు కుదిరిన పుస్తకమిది. 2022లో యువ పాఠకుల సాహిత్యానికిచ్చే ప్రింట్జ్ బహుమతి పొందింది. హింస, అత్యాచారం ప్రస్తావన ఉన్నాయి కాబట్టి పెద్దలు ముందుగా చదవడం మంచిది.

భయానక సాహిత్యంలో బ్లాక్‌ఫీట్ తెగకు చెందిన స్టీఫెన్ గ్రేయమ్ జోన్స్‌ది పెద్ద పేరు. ‘ది ఓన్లీ గుడ్ ఇండియన్స్’ 2020లో వచ్చింది. తెగ పెద్దలకు కేటాయించిన వేట నేలలోకి నలుగురు కుర్రాళ్లు దొంగతనంగా వెళ్లి ఎల్క్ అనే పెద్ద దుప్పుల మందను కాలుస్తారు. అందులో ఒకటి చూలుతో ఉంటుంది. పదేళ్ల తర్వాత అది వారిని వెతుక్కుంటూ వస్తుంది. వేటకూ కొన్ని కట్టుబాట్లుంటాయనీ, వాటిని మీరితే ఫలితం అనుభవించక తప్పదనీ పెద్దలు చెప్పగా విన్నవారికి ఈ కథ మూలసూత్రం కొత్తగా అనిపించదు. కొత్తదల్లా రచయిత దాన్ని ఇప్పటి అప్పులు, విడిపోయిన భార్యాభర్తలు, బాస్కెట్‌బాల్ ఆటల మధ్య నడిపిన తీరు. రాత్రిపూట ఒంటరిగా చదవడం నేను సిఫారసు చేయను. భవిష్యత్ కల్పనలంటే ఇష్టమున్నవారికి వాబ్‌గెషిగ్ రైస్ రాసిన ‘మూన్ ఆఫ్ ది క్రస్టెడ్ స్నో’, చెరీ డిమలీన్ రాసిన ‘ది మారో థీవ్స్’ ఉన్నాయి. రెండింటిలో మొదటిదే నాకు మెరుగ్గా తోచింది. కరెంటు, ఫోన్లు, సరుకుల లారీలు ఒక్కసారిగా ఆగిపోయిన చలికాలాన్ని ఉత్తర కెనడాలోని ఒక చిన్న ఊరు ఎలా దాటుతుందో ఎక్కడా గొంతు పెంచకుండా చెబుతుంది.

కవిత్వం అర దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. జాయ్ హార్జో 2019లో అమెరికా ఆస్థాన కవి పదవి పొందిన తొలి మూలవాసి. మొహావే కవయిత్రి నటాలీ డియాజ్ 2021లో పులిట్జర్ గెలిచారు. అదే సంవత్సరం నవలకు ఎర్డ్రిక్‌కు ఆ బహుమతి వచ్చింది. అయితే మిన్నెసోటాలో ఉండేవారు ముందుగా చదవవలసినది ఓగ్లాలా లకోటా కవయిత్రి లేలీ లాంగ్ సోల్జర్ 2017లో ప్రచురించిన ‘వేర్యాజ్’ అని నా దృఢ అభిప్రాయం. ఇందులో ‘38’ అనే కవిత ఉంది. 1862 డిసెంబరు 26న మినియాపొలిస్‌కు నైరుతి దిక్కున, కారులో గంటన్నర దూరంలోని మాంకాటో పట్టణంలో ముప్పై ఎనిమిది మంది డకోటా పురుషులను ఒకేసారి ఉరితీశారు. అమెరికా చరిత్రలో ఒకే రోజు చట్టప్రకారం అమలు చేసిన అతిపెద్ద సామూహిక మరణశిక్ష ఇదే. సైనిక న్యాయస్థానం మూడు వందల మందికి పైగా మరణశిక్ష విధించగా, ఆ జాబితాను తగ్గించి చివరి ఉత్తర్వు ఇచ్చినది అధ్యక్షుడు లింకన్. బానిసల విముక్తి ప్రకటనపై ఆయన సంతకం చేసినది ఆ తరువాతి వారంలోనే.

ఈ సంఘటనను కవయిత్రి చెప్పిన తీరు గమనించదగినది. ఆవేశం లేదు, అలంకారాలు లేవు. ఒక్కొక్క వాక్యం విడిగా, చుట్టూ ఖాళీ వదిలి, బడిపిల్లలు రాసిన నోటుపుస్తకంలోలాగా పొందికగా నిలబడుతుంది. ఒప్పందాల ప్రకారం డకోటా ప్రజలకు అందవలసిన సొమ్ము అందలేదు, దుకాణదారులు అప్పు ఇవ్వలేదు, ఆకలి పెరిగింది, ఆకలైతే గడ్డి తినమన్నాడని చెప్పుకునే ఒక వ్యాపారి తిరుగుబాటులో చనిపోయినప్పుడు అతని నోటినిండా గడ్డి ఉంది. ఈ వరుసను ఆమె ఎంత నిబ్బరంగా చెబుతారంటే, చివరికి వచ్చేసరికి చదివేవారికే ఊపిరి ఆడదు. పుస్తకంలోని రెండో భాగం 2009లో అమెరికా ప్రభుత్వం మూలవాసులకు చెప్పిన క్షమాపణకు జవాబు. ఆ క్షమాపణ రక్షణ వ్యయాల చట్టంలో ఒక ఉపభాగంగా ఆమోదం పొందింది. ఆమె ఆ చట్టం వాడిన భాషనే తీసుకుని, దానికే ఎదురు తిప్పుతారు. ఈ సంపుటాన్ని ప్రచురించిన గ్రేవుల్ఫ్ ప్రెస్ కూడా మినియాపొలిస్ సంస్థే.

ఇంకొక స్థానిక ప్రచురణ సంస్థ మిల్క్‌వీడ్ ఎడిషన్స్ 2013లో వేసిన ‘బ్రెయిడింగ్ స్వీట్‌గ్రాస్’ కథ వేరు. పొటవాటమీ తెగకు చెందిన వృక్షశాస్త్రవేత్త రాబిన్ వాల్ కిమ్మరర్ రాసిన ఈ వ్యాసాల పుస్తకం పెద్ద ప్రచారం లేకుండా, చిన్న దుకాణాల సిఫారసులతో, ఒక పాఠకుడు ఇంకొకరికి ఇవ్వడంతో పాకుతూ వెళ్లి, అచ్చయిన ఏళ్లకు, 2020లో న్యూయార్క్ టైమ్స్ అత్యధిక అమ్మకాల జాబితాకెక్కింది. కొన్ని వ్యాసాలు కాస్త తియ్యదనం ఎక్కువైనట్లు అనిపిస్తాయని ఒప్పుకోవాలి. అయినా మొక్కను శాస్త్రవేత్త కంటితోనూ, దాన్ని అడిగి కోసుకునే మనిషి కంటితోనూ ఒకేసారి చూసిన పుస్తకాలు ఎక్కువ లేవు.

వంట పుస్తకాల దగ్గర ఒక ఆసక్తికరమైన తగాదా కనిపిస్తుంది. ఓగ్లాలా లకోటా వంటగాడు షాన్ షెర్మన్ బెత్ డూలీతో కలిసి రాసిన ‘ది సూ షెఫ్స్ ఇండిజినస్ కిచెన్’ 2018లో జేమ్స్ బియర్డ్ బహుమతి పొందింది. గోధుమ పిండి, పాలు, పంచదార, కోడి, గొడ్డుమాంసం, పందిమాంసం ఏవీ అందులో ఉండవు. అవన్నీ యూరపువాళ్లతో వచ్చినవే. చెరువుల్లో దానంతట అదే పెరిగే అడవి బియ్యం, మొక్కజొన్న, గుమ్మడి, చిక్కుళ్లు, చేపలు, అడవి పండ్లు మాత్రమే. షెర్మన్ ఫ్రై బ్రెడ్‌ను పక్కన పెడతారు, ఎందుకంటే అది సొంత నేల నుంచి తరిమి, పిండి, కొవ్వు రేషనుగా ఇచ్చిన రోజుల్లో పుట్టింది. మన పూరీకి కాస్త మందపాటి అక్కలా ఉండే ఆ రొట్టెనే పిల్లల అరలో కెవిన్ నోబుల్ మెయిలార్డ్ ‘ఫ్రై బ్రెడ్’ అనే బొమ్మల పుస్తకం అమ్మమ్మల వంటగా, కుటుంబాలను కలిపి ఉంచినదిగా ప్రేమగా చూపిస్తుంది. రెండూ మూలవాసులు రాసినవే, రెండింటి వాదనా సబబే. ఒకే అర, ఒకే గొంతు అనే ఊహ ఇక్కడే చెదిరిపోతుంది.

పిల్లల విభాగం తెలుగు తల్లిదండ్రులకు ముఖ్యం. అమెరికా బడుల్లో తరతరాలుగా చదివించిన, లారా ఇంగల్స్ వైల్డర్ రాసిన ‘లిటిల్ హౌస్’ పుస్తకాల్లో మూలవాసులు భయపెట్టే నీడలుగానో, ఖాళీ చేసి వెళ్లవలసినవారుగానో కనిపిస్తారు. ఆ చిత్రణ వల్లనే 2018లో అమెరికా బాలల గ్రంథాలయ సంఘం ఆ రచయిత్రి పేరిట ఉన్న బహుమతికి వేరే పేరు పెట్టింది. ఇంచుమించు అదే కాలాన్ని ఎదుటి గుమ్మంలోంచి చూపేది ఎర్డ్రిక్ స్వయంగా రాసి, బొమ్మలు గీసిన ‘ది బర్చ్‌బార్క్ హౌస్’. 1847లో లేక్ సుపీరియర్‌లోని ఒక దీవిలో ఏడేళ్ల ఒమకయాస్ గడిపిన ఏడాది ఇది: అక్కపై అసూయ, ఆమెతో పోటీ, చెప్పింది వినని తమ్ముడు, కాకుల నుంచి పంటను కాపలా కాయడం, తరువాత చలికాలంలో మశూచి. రెండు పుస్తకాలూ పిల్లలచేత ఒకదాని తర్వాత ఒకటి చదివిస్తే, వేరే పాఠం చెప్పనక్కరలేదు. ఇంకా చిన్నవాళ్లకు చమురు గొట్టాలకు ఎదురు నిలిచిన అమ్మాయి కథ ‘వి ఆర్ వాటర్ ప్రొటెక్టర్స్’ ఉంది. దాని బొమ్మలకు ట్లింగిట్ చిత్రకారిణి మికేలా గోడ్ 2021లో కాల్డెకాట్ పతకం అందుకున్నారు. మూలవాసుల్లో ఆ పతకం పొందిన మొదటి వ్యక్తి ఆమే.

ఎంపికకు విలువ ఎందుకంత ఉందో తెలియాలంటే ‘ది ఎడ్యుకేషన్ ఆఫ్ లిటిల్ ట్రీ’ ఉదంతం గుర్తుచేసుకోవాలి. 1976లో ఒక చెరొకీ అనాథ బాలుడి ఆత్మకథగా వచ్చిన ఈ పుస్తకం లక్షల మందిని కదిలించి, 1991లో అత్యధిక అమ్మకాల జాబితాకెక్కింది. రాసినది ఫారెస్ట్ కార్టర్ అనే మారుపేరు వెనుక ఉన్న ఏసా ఎర్ల్ కార్టర్. అతడు కు క్లక్స్ క్లాన్‌లో పనిచేసిన పచ్చి జాత్యహంకారి. మూలవాసుల గొంతుకు గిరాకీ ఉన్నచోట అలాంటి వేషాలు పుట్టుకొస్తూనే ఉంటాయి. ఎవరు ఏ తెగకు చెందినవారో, ఆ తెగ వారిని తమవారుగా ఒప్పుకుంటుందో లేదో తెలిసిన మనుషులు పుస్తకాలు ఎంచి పెట్టడం అందుకే పాఠకుడికి పెద్ద భరోసా. ఎర్డ్రిక్ 2021లో రాసిన ‘ది సెంటెన్స్’ నవల ఈ దుకాణంలోనే జరుగుతుంది. అందులో చనిపోయాక కూడా దుకాణాన్ని వదలని దయ్యం, తాను మూలవాసినని చెప్పుకోవడానికి తహతహలాడిన ఒక తెల్ల ఖాతాదారు. కోవిడ్, జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాతి మినియాపొలిస్ కూడా ఆ నవలలో ఉన్నాయి. నడుమ కొంత సాగినా, పుస్తకాలమ్మేవారి రోజువారీ పనిని ఇంత సరదాగా రాసినవారిని నేను చూడలేదు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఊరకే తట్టే ఆలోచన ఒకటుంది. గోండులు, కోయలు, చెంచులు, సవరల గురించి మనం చదివినదాంట్లో ఎక్కువ భాగం మైదాన ప్రాంతాల రచయితలు రాసినదే. బంజారా తండా నుంచి వచ్చిన రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’ కథలకు 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. ఆదిలాబాదు గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఆ రచనలకు మన దుకాణాల్లో ఎన్ని అరలున్నాయో లెక్కపెట్టడం పెద్ద పని కాదు. అలాగే ఏజెన్సీ భూములు, 1/70 చట్టం గురించి తెలిసినవారు ‘ది నైట్ వాచ్‌మన్’ను సొంత కథలా చదువుతారు. తెగల గుర్తింపును, వారి భూములకున్న రక్షణను రద్దు చేయాలని 1953లో అమెరికా కాంగ్రెసు తీర్మానించినప్పుడు, రాత్రి కాపలా ఉద్యోగం చేస్తూ ఉత్తరాలు రాసి, మనుషులను కూడగట్టి వాషింగ్టన్ దాకా వెళ్లిన ఎర్డ్రిక్ తాతగారు పాట్రిక్ గోర్నో జీవితం దానికి ఆధారం. ఆమె పుస్తకాల్లో ఒక్కటే చదవగలిగితే నేను సూచించేది అదే.

కొన్ని వాస్తవ విషయాలు. దుకాణం చాలా చిన్నది, కాబట్టి శనివారం మధ్యాహ్నం పిల్లలతో వెళితే ఇరుకుగా ఉంటుంది; వారం మధ్యలో వెళ్లడం మంచిది. బండి వీధిలోనే నిలపాలి. ఇలాంటి స్వతంత్ర దుకాణాల్లో ఆన్‌లైన్ సంస్థలిచ్చే తగ్గింపులు ఆశించకూడదు. ఎంపిక ప్రధానంగా ఉత్తర అమెరికా మూలవాసులది. పుస్తకాలతోపాటు మూలవాసి కళాకారులు చేసిన నగలు, బుట్టలు అమ్ముతారు. ఎర్డ్రిక్ సంతకం చేసిన ప్రతులు కూడా దొరుకుతాయి, బహుమతిగా ఇవ్వడానికి బాగుంటాయి. దూరాన ఉన్నవారు దుకాణం వెబ్‌సైటులో విభాగాలవారీగా వెతికి తెప్పించుకోవచ్చు. అమెరికా నుంచి ఇండియాకు పోస్టు ఖర్చు పుస్తకం ధరను మించే అవకాశం ఉంది కనుక, హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవారు ‘ది సెంటెన్స్’ ఈ-పుస్తకం కొనుక్కుని, దాని చివర కథానాయిక టూకీ ఇచ్చిన ఇష్టమైన పుస్తకాల జాబితాలను వాడుకోవచ్చు. వాటిలో మూలవాసుల జీవితాలకు ఒకటి, కవిత్వానికి ఒకటి, చరిత్రకు ఒకటి విడివిడిగా ఉన్నాయి.